వెన్నుపూసలో సిమెంటు: ముప్పు సిరంజి కంటే ముందే మొదలవుతుంది

గోదావరిఖనిలో నడుము నొప్పిని ఎవరూ వింతగా చూడరు. తట్టా చెమ్మాస్‌తో బొగ్గు ఎత్తిన కోల్ ఫిల్లర్లు, టబ్బులు నెట్టిన ట్రామర్లు, ఓపెన్‌కాస్టులో ఏళ్ళ తరబడి డంపర్ కుదుపులు భరించిన ఆపరేటర్లు ఉన్న ఊరది. రిటైరైన మనిషి నీళ్ళ బకెట్ ఎత్తబోయి కలుక్కుమందన్నా, ఆయన భార్య వంటింట్లో కూలబడి లేవలేకపోయినా ఇంట్లో మొదట వినిపించే మాట ఒకటే: "ఎప్పటి నడుం నొప్పే గదా." చాలాసార్లు అది నిజమే. కొన్నిసార్లు మాత్రం అది కొత్త నొప్పి. గుల్లబారిన వెన్నుపూస ఒకటి ముందువైపు నొక్కుకుపోయి ఉంటుంది. ఈ ఊరున్న రామగుండం ప్రాంతంలో సింగరేణి గనులు తెరుచుకున్నది 1960ల తొలినాళ్ళలో. ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో బొగ్గుబాయిలో చేరిన తరం, వాళ్ళ ఇల్లాళ్ళు, ఇప్పుడు సరిగ్గా ఎముక విరిగే వయసులో ఉన్నారు.

అలా నొక్కుకుపోయిన పూసకు వైద్యం ఏమిటని అడిగితే కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో వినిపించే జవాబుల్లో ఒకటి, సిమెంటు. చిన్న సూది, ఒక్కరోజు ఆస్పత్రి, మర్నాడు నడక అని చెబుతారు. ఆ సిమెంటు పక్కకు కారితే ఏమవుతుంది, కారకుండా ఏం చేయాలి, అసలు ఎవరికి పెట్టాలి అన్న ప్రశ్నల మీద నలభై ఏళ్ళుగా పరిశోధన జరుగుతోంది. ఆ పరిశోధన మొత్తం చదివాక తేలే విషయం ఒకటుంది. సిమెంటు వల్ల వచ్చే ముప్పులో ఎక్కువ భాగాన్ని తప్పించగలిగేది సూది పట్టుకున్న క్షణంలో కాదు, అంతకు ముందూ ఆ తర్వాతా. ఈ సమీక్ష ఉద్దేశం ఆ సంగతిని బొగ్గుబాయి ప్రాంతపు రోగిని దృష్టిలో పెట్టుకుని వివరించడం.

ఏమిటీ సిమెంటు

పేరు సిమెంటే గాని ఇది సున్నపురాయితో చేసింది కాదు. పాలీమిథైల్ మెథాక్రిలేట్ అనే ప్లాస్టిక్. పొడి ఒక ప్యాకెట్లో, ద్రవం ఒక గాజు ఆంప్యూల్‌లో వస్తాయి. రెండూ కలిపితే కొన్ని నిమిషాల్లో ముద్దయి, వేడెక్కి, రాయిలా గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు వేడి ప్రయోగశాలలో 70 డిగ్రీల సెల్సియస్ దాటడం కూడా చూశారు. ఎక్స్‌రేలో కనబడేందుకు దీనికి బేరియం సల్ఫేటో, జిర్కోనియం డయాక్సైడో కలుపుతారు. తుంటి కీలు మార్పిడిలో దీన్ని వాడుకలోకి తెచ్చింది బ్రిటిష్ సర్జన్ జాన్ చార్న్‌లీ. వెన్నుపూసలోకి మొదటిసారి ఎక్కించింది ఫ్రాన్స్‌లోని అమియాఁలో గాలిబేర్, దెరామోఁ అనే ఇద్దరు వైద్యులు, 1984లో. అప్పటి రోగికి ఎముక గుల్లబారలేదు. మెడలోని రెండో పూసను రక్తనాళాల గడ్డ తినేసింది. ఆ అనుభవాన్ని వాళ్ళు 1987లో ప్రచురించాక, గుల్లబారిన పూసలకూ అదే పద్ధతి పాకింది. దాని పేరు వర్టిబ్రోప్లాస్టీ. 1998లో దానికి బెలూన్ తోడయింది. పూస లోపల ముందు బెలూన్ ఉబ్బించి, ఖాళీ చేసుకుని, ఆ ఖాళీలో సిమెంటు నింపే ఈ పద్ధతి కైఫోప్లాస్టీ.

సిమెంటుకు మరో వాడకం ఉంది. వెన్ను వంగిపోయి లేదా నరాలు నలిగి పెద్ద ఆపరేషన్ చేసి రాడ్లు, స్క్రూలు బిగించాల్సి వచ్చినప్పుడు, గుల్ల ఎముకలో స్క్రూ పట్టు దొరకదు. అప్పుడు స్క్రూ చుట్టూ సిమెంటు పోస్తారు. మొన దగ్గర చిన్న రంధ్రాలున్న స్క్రూలు ఇందుకే వచ్చాయి. రెండు వాడకాల్లోనూ ముప్పు ఒకే తీరుది.

కారేది ఎటు

వెన్నుపూస లోపల స్పాంజి ఎముక, దాని గుండా అల్లుకున్న సిరలు ఉంటాయి. ఆ సిరల్లో కవాటాలు లేవు. రక్తం ఎటు ఒత్తిడి తక్కువుంటే అటు పోతుంది. సిమెంటూ అంతే. కొరియాకు చెందిన యోమ్ బృందం 2003లో కారే దారులను మూడుగా విడగొట్టింది. మొదటిది పూస వెనక గోడ మధ్యనుంచి బయటికొచ్చే సిర. దాని గుండా సిమెంటు నేరుగా వెన్నుపాము ఉండే కాలువలోకి చేరుతుంది. రెండోది పూస పక్కలనుంచి పోయే సిరలు. అవి పెద్ద సిరలతో కలిసి గుండె కుడిగదికి, అక్కడినుంచి ఊపిరితిత్తులకు దారి తీస్తాయి. మూడోది ఎముక పెచ్చు పగిలిన చోటు. అక్కడినుంచి సిమెంటు పైనో కిందో ఉన్న డిస్కులోకి, లేదా పక్క కండలోకి పోతుంది. వీటికి తోడు, సూదిని తొందరపడి లాగేస్తే దాని వెంట తోకలా వచ్చి కండలో మిగిలేది ఒకటి.

ఎటు పోయిందన్న దాన్నిబట్టే ఫలితం. డిస్కులోకి పోతే ఆ రోజు ఏమీ తెలియదు, పక్క పూస విరిగే అవకాశం మాత్రం పెరుగుతుంది. నరం బయటికొచ్చే సందులోకి పోతే కాలు జివ్వున లాగుతుంది. కాలువ నిండితే కాళ్ళు పడిపోవచ్చు. ఊపిరితిత్తుల నాళాల్లోకి పోతే ఆయాసం రావచ్చు, రాకపోవచ్చు. ఇవి కాక, సిమెంటు ఒత్తిడికి ఎముక మజ్జలోని కొవ్వు రక్తంలోకి నెట్టుకుపోయి, బీపీ, ఆక్సిజన్ ఒక్కసారిగా పడిపోయే స్థితి ఒకటుంది. దాన్ని 2009లో డొనాల్డ్‌సన్ బృందం మూడు స్థాయిలుగా వర్గీకరించింది. ఆక్సిజన్ 94 శాతం కిందికి గానీ పైబీపీ 20 శాతానికి మించి గానీ పడితే మొదటిది. ఆక్సిజన్ 88 కిందికి గానీ బీపీ 40 శాతానికి మించి గానీ పడినా, హఠాత్తుగా స్పృహ తప్పినా రెండోది. గుండె ఆగినంత పనై ఛాతీ నొక్కాల్సి వస్తే మూడోది.

ఎంత తరచు

ఇక్కడ లెక్కలు చదివే పద్ధతి తెలియకపోతే భయమైనా పుడుతుంది, లేనిపోని ధీమా అయినా వస్తుంది. నెదర్లాండ్స్, బెల్జియం వైద్యులు 2010లో ప్రచురించిన వెర్టోస్-2 అధ్యయనంలో సిమెంటు పెట్టిన ప్రతి పూసకూ సీటీ స్కాన్ తీశారు. 134 పూసల్లో 97 చోట్ల, అంటే 72 శాతం చోట్ల, సిమెంటు ఎంతో కొంత కారింది. వాటిలో ఒక్కటీ రోగిని ఇబ్బంది పెట్టలేదు. మామూలు ఎక్స్‌రేతో చూసిన అధ్యయనాల్లో ఈ శాతం చాలా తగ్గుతుంది. కారడం తగ్గిందని కాదు, కనబడడం తగ్గిందని. హల్మ్ బృందం 2006 సమీక్షలో వర్టిబ్రోప్లాస్టీ చేసిన పూసల్లో 41 శాతం, కైఫోప్లాస్టీ చేసిన వాటిలో 9 శాతం కారినట్టు తేలింది. ఊపిరితిత్తుల్లోకి సిమెంటు చేరడం 3.5 నుంచి 23 శాతం దాకా ఉంటుందని 2009లో క్రూగర్ బృందం సమీక్షించింది. ఆ రెండు అంకెల మధ్య అంత దూరం ఎందుకంటే, కొందరు ఆపరేషన్ తర్వాత ఛాతీ సీటీ తీశారు, మిగతావాళ్ళు రోగికి ఆయాసం వస్తేనే వెతికారు.

మొత్తమ్మీద కారడం మామూలు, హాని అరుదు. కానీ అరుదైన ఆ హాని కాళ్ళు పోవడమో ప్రాణం పోవడమో అయ్యేసరికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2002లోనే దీని మీద ప్రజారోగ్య హెచ్చరిక ఇవ్వాల్సి వచ్చింది. కాబట్టి నూటికి ఎంతమందికి కారిందన్నది ఆస్పత్రి నాణ్యతకు సరైన కొలబద్ద కాదు. కాలువలోకి, పెద్ద సిరల్లోకి ఎన్నిసార్లు పోయింది, ఎన్నిసార్లు ఆ క్షణమే గమనించి ఆపారు అన్నవే అడగాల్సిన ప్రశ్నలు.

అసలు పెట్టాలా

పెట్టని సిమెంటు కారదు. ముప్పు తగ్గించే పద్ధతుల్లో దీన్ని మించింది లేదు. అందుకే ముందు తేలాల్సింది ఎవరికి పెట్టాలన్నది. ఈ ప్రశ్న మీద వైద్యలోకం రెండుగా చీలింది. 2009లో ఒకే పత్రిక ఒకే సంచికలో రెండు అధ్యయనాలు వచ్చాయి. ఒకటి కాల్మెస్ నాయకత్వంలో 131 మందితో, మరొకటి ఆస్ట్రేలియాలో బుక్‌బైండర్ నాయకత్వంలో 78 మందితో. రెండింటిలోనూ సగం మందికి నిజంగా సిమెంటు ఎక్కించారు, మిగతా సగానికి మత్తుమందు ఇచ్చి, అంతా చేసినట్టు నటించారు. నొప్పి తగ్గడంలో తేడా కనిపించలేదు. 2010లో వెర్టోస్-2 మాత్రం మందులకంటే సిమెంటు మేలని చెప్పింది. అయితే అందులో ఎవరికి ఏ వైద్యం అందిందో రోగులకు తెలుసు. 2016లో ఆస్ట్రేలియాలోనే జరిగిన వేపర్ అధ్యయనం విరిగి ఆరు వారాలు దాటని, నొప్పి పదికి ఏడు లేదా అంతకు పైనున్న 120 మందిని మాత్రమే తీసుకుంది. రెండు వారాలకు నొప్పి బాగా తగ్గినవాళ్ళు సిమెంటు పెట్టినవారిలో 44 శాతం, నటన వైద్యం పొందినవారిలో 21 శాతం. 2018లో 180 మందితో జరిగిన వెర్టోస్-4 మళ్ళీ తేడా లేదంది. అదే ఏడాది కోక్రేన్ సమీక్ష, 2019లో అమెరికా ఎముకల పరిశోధన సంఘం కార్యదళం, రెండూ దీన్ని అందరికీ వాడొద్దనే తేల్చాయి.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నిలబడే మాట ఇది. నొక్కుకుపోయిన పూసల్లో ఎక్కువ భాగం ఆరు నుంచి పన్నెండు వారాల్లో నొప్పి మందులు, బెల్టు, మెల్లగా మొదలుపెట్టిన నడకతో సర్దుకుంటాయి. సిమెంటు ఆలోచించాల్సింది, మంచం దిగలేనంత నొప్పి ఉండి, ఆ నొప్పి కొత్త ఎముక విరుపుదేనని ఎంఆర్‌ఐలో తేలి, మందులకు లొంగని మనిషికి. పాత ఎక్స్‌రేలో కనిపించిన పాత వంకరకు, నొప్పి లేని పూసకు, ముందు జాగ్రత్త పేరుతో పక్క పూసకు పెట్టడానికి ఆధారం లేదు. రక్తం పలచబడే మందులు వాడుతూ వాటి ప్రభావం సరిచేయకుండా, ఒంట్లో ఎక్కడైనా చీము, జ్వరం ఉండగా సిమెంటు పెట్టకూడదు. విరిగిన పెళ్ళ వెనక్కి జరిగి నరాలను నొక్కుతుంటే సిమెంటు ఒక్కటే దానికి జవాబు కాదు.

మన దగ్గర ఈ జాబితాకు ఇంకో పేరు చేర్చాలి, వెన్నుపూస టీబీ. అది కూడా పూసను నొక్కేస్తుంది, నడుము వంచుతుంది, రాత్రిళ్ళు నొప్పి పెడుతుంది. గనుల్లో సిలికా ధూళి పీల్చినవారిలో టీబీ ముప్పు ఎక్కువని తెలిసిందే. టీబీ ఉన్న పూసలో సిమెంటు పోస్తే బ్యాక్టీరియాకు స్థావరం కట్టినట్టే. రక్త క్యాన్సర్ల కోవకు చెందిన మైలోమా కూడా ఇలాగే మభ్యపెడుతుంది. ఎంఆర్‌ఐ, రక్త పరీక్షలు, అనుమానముంటే అదే సూది దారిలో చిన్న ఎముక ముక్క తీసి పరీక్షకు పంపడం, ఇవి ఖర్చు కోసం వదిలేయాల్సినవి కావు.

ముద్ద ముదిరేదాకా

సూది దాకా వచ్చాక ముప్పును అన్నిటికంటే ఎక్కువగా శాసించేది సిమెంటు చిక్కదనం. బరూద్ బృందం 2006లో ప్రయోగశాల నమూనాలో చూపిన విషయం ఇదే. పలచటి సిమెంటు సిరలు వెతుక్కుంటూ పోతుంది. చిక్కటిది ఉన్నచోటే ఉబ్బుతుంది. ఆపరేషన్ గదిలో ఈ సంగతి నిమిషాల మీద నడుస్తుంది. పొడిలో ద్రవం పోయగానే నర్సు గడియారం చూసి సమయం చెబుతుంది. మొదటి నిమిషంలో అది గిన్నె వంచితే కారిపోయే రసం. తర్వాత చేతి తొడుగుకు అంటుకుంటుంది. ఇంకాస్తకు అంటుకోవడం మానేస్తుంది. సిరంజి కొననుంచి నొక్కితే జారి పడకుండా వంగి నిలబడుతుంది. పని మొదలుపెట్టాల్సింది అప్పుడు. అరిసెల పాకం పట్టే చేతికి ఈ ఓపిక చెప్పక్కర్లేదు. లేతగా దింపితే చెడుతుంది, ముదిరితే గట్టిపడుతుంది, మధ్యలో దొరికే కాసేపే పని.

రామగుండంలాంటి చోట ఆ కాసేపు ఇంకా తగ్గుతుంది. ఎండాకాలం 45 డిగ్రీలు దాటడం ఇక్కడ విశేషం కాదు. సిమెంటును పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం 23 డిగ్రీల గదిని లెక్కలోకి తీసుకుంటుంది. ప్యాకెట్ మీద రాసిన నిమిషాలు ఆ గదికి చెందినవి. ఏసీ లేని స్టోరులోనో, మధ్యాహ్నం రాజీవ్ రహదారి మీద ఎండలో వచ్చిన వ్యాన్‌లోనో గడిపి నేరుగా బల్లమీదికి చేరిన ప్యాకెట్ తొందరగా గడ్డకడుతుంది. ఒకసారి అలా చేతిలో గట్టిపడిపోయాక, మరోసారి సర్జన్ పలచగా ఉండగానే ఎక్కించడానికి తొందరపడతాడు. కారడానికి అసలు కారణం చాలాసార్లు ఆ తొందరే. దీనికి విరుగుడు కూడా చాలా చవక. ప్యాకెట్లను ముందురోజే ఆపరేషన్ గదిలోకి తెచ్చి ఉంచడం, గది ఉష్ణోగ్రతను రాసిపెట్టడం, నింపిన సిరంజిలను చల్లటి సెలైన్ గిన్నెలో ఉంచడం. చల్లదనం గట్టిపడే వేగాన్ని తగ్గించి, చిక్కటి దశలో పనిచేసే వ్యవధిని పెంచుతుంది.

సూది, తెర, మోతాదు

తర్వాతిది సూది మొన ఎక్కడ ఆగిందన్నది. పూస ముందు మూడో వంతులో ఆగితే వెనక గోడ దగ్గరి పెద్ద సిరకు దూరంగా ఉన్నట్టు. సూది పూసలోకి దూరే ఎముక కంబం (పెడికిల్) లోపలి గోడ చీలితే, దాని పక్కనే కాలువ. సిమెంటు ఎక్కుతున్నంత సేపూ సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం తెరమీద పక్కచూపు బొమ్మ నడుస్తూ ఉండాలి. నల్లగా పాకే ఆ నీడ పూస వెనక నాలుగో వంతును తాకబోతుందంటే ఆపేయాల్సిందే. సిరలోకి సన్నటి గీతలా పరుగెత్తినా అంతే. ఆపి, అర నిమిషమో నిమిషమో ఆగితే ముందు వెళ్ళినది గట్టిపడి దారి మూస్తుంది. తర్వాత మెల్లగా కొనసాగించవచ్చు. ఒక మిల్లీలీటరు సిరంజిలు పెద్ద సిరంజికంటే చేతి ఒత్తిడిని బాగా అదుపులో ఉంచుతాయి. ఎముక బాగా పగిలిన పూసలో ముందు కాస్త చిక్కటి సిమెంటు పోసి, గట్టిపడనిచ్చి, రెండో విడత పోయడం కూడా పగులును మూస్తుంది. అన్నీ అయ్యాక సూదిని ఉన్నచోటే తిప్పి, సిమెంటు బిగిసేదాకా ఆగి తీస్తే తోక మిగలదు.

ఎంత పోయాలన్నది ఇప్పటికీ వాదనలో ఉన్న సంగతే. బెల్కాఫ్ బృందం 2001లో ప్రయోగశాలలో చూపిన ప్రకారం పూసకు పోయిన బలం తిరిగి రావడానికి 2 మిల్లీలీటర్లు చాలు. స్విట్జర్లాండ్ జాతీయ రిజిస్ట్రీ ఆధారంగా 2013లో వచ్చిన విశ్లేషణ దీనికి ఎదురు చెబుతుంది. కైఫోప్లాస్టీలో నొప్పి బాగా తగ్గాలంటే 4.5 మిల్లీలీటర్లు దాటాలంటుంది. రెండిటినీ కలిపి చూస్తే మిగిలేది, లక్ష్యం మిల్లీలీటర్లు కాదు, విరిగిన చోటికి సిమెంటు చేరడం. తెర ఆపమన్నప్పుడు ఆపడం ఏ అంకెకూ లోబడకూడదు. ఒకే పూటలో మూడు పూసలకు మించి పెట్టొద్దన్న జాగ్రత్త చాలామంది పాటిస్తున్నారు.

బెలూన్ పద్ధతిలో కారడం తగ్గడానికి కారణం, ఖాళీ ముందే తయారయి ఉండడంవల్ల చిక్కటి సిమెంటును తక్కువ ఒత్తిడితో పోయగలగడం. కానీ ఖర్చు ఎక్కువ. చిక్కటి సిమెంటు, ఓపిక, మంచి తెర ఉన్నచోట మామూలు పద్ధతీ చాలావరకు ఆ తేడాను పూడ్చగలదు.

స్క్రూ చుట్టూ

స్క్రూలకు సిమెంటు పోసేటప్పుడు ఒక్క పూసలో రెండు వైపులా, కొన్నిసార్లు అరడజను పూసల్లో పోస్తారు. మొత్తం కలిపితే వర్టిబ్రోప్లాస్టీకంటే చాలా ఎక్కువ. ఊపిరితిత్తుల లెక్కకు అదంతా ఒకే సిమెంటు. అందుకే స్క్రూకు 1 నుంచి 2 మిల్లీలీటర్లతో సరిపెట్టడం, పైచివర, కిందిచివర స్క్రూలకే పరిమితం చేయడం, రంధ్రాలు పూస ముందు భాగంలో పడేలా స్క్రూ పొడవు ఎంచడం, అన్ని స్క్రూలూ ఒకేసారి నింపకుండా విడతలుగా నింపుతూ అనస్థీషియా డాక్టరు రీడింగులు చెబుతుండగా సాగడం అవసరం.

ఇక్కడా అసలు పని ముందే ఉంది. ఆపరేషన్ కోసం ఎలాగూ తీసే సీటీ స్కాన్‌లోనే ఎముక బలం చదవొచ్చు. మొదటి నడుము పూస స్పాంజి భాగపు సాంద్రత సీటీ కొలమానంలో 110 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల లోపు ఉంటే ఆస్టియోపోరోసిస్ (ఎముక గుల్లబారడం) బలంగా అనుమానించాలని 2013లో పిక్‌హార్డ్ బృందం చెప్పింది. ఎముక సాంద్రత కొలిచే డెక్సా యంత్రం దగ్గర్లో లేని ఊళ్ళకు ఇది వరం. తొందరలేని ఆపరేషన్ అయితే ముందు ఎముకకు మందు పెట్టి తర్వాత స్క్రూ వేయొచ్చు. ఎముకను బలపరిచే టెరిపారటైడ్ వాడిన మహిళల్లో స్క్రూలు వదులవడం తక్కువని జపాన్ పరిశోధకులు 2013లో చూపారు. బలపడిన ఎముకలో కొన్ని స్క్రూలకు సిమెంటే అక్కర్లేకపోవచ్చు.

బొగ్గు పీల్చిన ఊపిరి

పాఠ్యపుస్తకాల్లో ఈ ఆపరేషన్‌కు రోగి అంటే వెన్ను. సింగరేణి ప్రాంతంలో రోగి అంటే వెన్ను, ఊపిరితిత్తులు రెండూ. బొగ్గు ధూళి తెచ్చే న్యుమోకోనియోసిస్ చట్టప్రకారం తెలియజేయాల్సిన వృత్తి వ్యాధి. దానికి బీడీ, దీర్ఘకాలిక శ్వాస జబ్బయిన సీఓపీడీ తోడయితే, సాధారణ మనిషి గమనించని సిమెంటు ముక్క ఇక్కడ ఆయాసం తెప్పించవచ్చు. పైగా ఈ రోగికి ఎముక గుల్లబారడానికీ ఊపిరితిత్తులే కారణం కావచ్చు. దగ్గు, ఆయాసానికి నెలల తరబడి మింగిన ప్రెడ్నిసొలోన్ మాత్రలు, కీళ్ళనొప్పులకు ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకున్న స్టెరాయిడ్ సూదులు ఎముకను తినేస్తాయి. ప్రెడ్నిసొలోన్ రోజుకు 5 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు దాటితే ఎముకకు రక్షణ మందు ఆలోచించాల్సిందే. "ఏమేం సూదులు వేయించుకున్నారు?" అని అడగకుండా తీసుకున్న కేసు షీటు ఇక్కడ అసంపూర్ణం.

కాబట్టి ఈ ప్రాంతపు రోగికి కొన్ని మెట్లు అదనం. ఊపిరి బలం కొలిచే స్పైరోమెట్రీ, విశ్రాంతిలో ఆక్సిజన్ రీడింగు, గుండె కుడివైపు ఒత్తిడి తెలిపే ఎకో చూడాలి. బోర్లా పడుకుని అరగంట ఊపిరి తీయగలడా అని మంచం మీదే ముందు పరీక్షించాలి. ఊపిరి బలహీనమైతే ఒకపూటకు ఒకే పూస, తక్కువ మోతాదు, సిమెంటు ఎక్కే సమయంలో బీపీ, ఆక్సిజన్ మీదే కళ్ళు. మరీ బలహీనమైతే, బెల్టు, మందులతో వెళ్ళడమే మేలని చెప్పే ధైర్యం.

ఇంకో సంగతి మొహమాటపడకుండా చెప్పుకోవాలి. మెడికల్ అన్‌ఫిట్, అలా తేలిన కార్మికుడి వారసుడికి ఉద్యోగం అన్న విషయాలతో నడుము నొప్పి ముడిపడ్డ ఊళ్ళివి. అందువల్ల నడుము నొప్పి అనగానే వినేవాళ్ళకు కొంత అనుమానం పుడుతుంది. ఆ అనుమానంలో నిజమైన ఎముక విరుపు ఒకటి జారిపోతే, వారాల తర్వాత దొరికే సరికి సిమెంటుతో మేలు జరిగే గడువు దాటిపోతుంది.

ఆడవాళ్ళ విషయంలో ఈ అనుమానం కూడా ఉండదు. అసలు ఎవరూ అడగరు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన వీణా శత్రుఘ్న బృందం 2005లో తక్కువ ఆదాయపు మహిళలు 289 మందిని పరీక్షించింది. వయసు 30 నుంచి 60. వాళ్ళలో 29 శాతానికి తుంటి ఎముక మెడ దగ్గర ఆస్టియోపోరోసిస్ కనిపించింది. తిరుపతి స్విమ్స్‌కు చెందిన హరినారాయణ్ బృందం 2007లో మన తిండిలో కాల్షియం తక్కువని, ఒంట్లో విటమిన్ డి లోపం విస్తారంగా ఉందని చూపింది. ఎండకు లోటులేని నేల మీద విటమిన్ డికి లోటు. యైటింక్లయిన్ కాలనీ క్వార్టర్లలో పగలంతా ఇంట్లోనే గడిపిన ఇల్లాలికి, ఈ జిల్లాల్లో నీడపట్టున కూర్చుని బీడీలు చుట్టిన తల్లికి ఈ అంకెలు పరాయివి కావు.

కారిందని తెలిస్తే

కాలు కదలట్లేదని రోగి చెప్పిన నిమిషంనుంచి గడియారం పరుగెడుతుంది. వెంటనే సీటీ తీయాలి. కాలువలో సిమెంటు నరాలను నొక్కుతుంటే ఆలస్యం లేకుండా ఆపరేషన్ చేసి తీసేయాలి. అందుకే ఆ ఆపరేషన్ చేయగల బృందం అదే ఆస్పత్రిలోనో, కనీసం పిలిస్తే అందేంత దగ్గరలోనో లేనిచోట సిమెంటు మొదలుపెట్టకూడదు. గోదావరిఖనినుంచి హైదరాబాద్ రెండు వందల కిలోమీటర్లకు పైనే. నలిగిన వెన్నుపాము అంత దూరం ప్రయాణానికి ఆగదు.

ఊపిరితిత్తుల్లో సిమెంటు కనబడి ఇబ్బంది లేకపోతే గమనిస్తూ ఉండడం చాలు. ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే కొన్ని నెలలు రక్తం గడ్డకట్టకుండా మందులివ్వడం, పెద్ద ముక్క పెద్ద నాళంలో ఇరుక్కుంటే తీయించడం క్రూగర్ బృందం సూచించిన క్రమం. ప్రతి రోగికీ డిశ్చార్జి కాగితం మీద ఎన్ని మిల్లీలీటర్లు పోశారు, ఎక్కడైనా కారిందా అన్నది రాసి ఇవ్వాలి. ఆర్నెల్ల తర్వాత ఆయాసంతో వేరే డాక్టరు దగ్గరికి పోతే ఛాతీ ఎక్స్‌రేలోని తెల్ల మచ్చను టీబీ అనుకోకుండా కాపాడేది ఆ ఒక్క వాక్యమే.

మరో పూస విరగకుండా

సిమెంటు పెట్టిన కొన్ని నెలలకు పక్క పూస విరిగితే జనం సిమెంటునే తిడతారు. డిస్కులోకి కారినప్పుడు ఆ మాటలో కొంత నిజముంది. కానీ 2001లో లిండ్సే బృందం చూపిన లెక్క ప్రకారం, సిమెంటుతో సంబంధం లేకుండానే, ఒక పూస విరిగిన మహిళల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి ఏడాదిలోపే మరో పూస విరుగుతుంది. జబ్బు పూసది కాదు, అస్థిపంజరం మొత్తానిది. ఒక పూసలో సిమెంటు పోసి ఇంటికి పంపేస్తే వైద్యం సగంలో ఆగినట్టే.

మిగతా సగానికి ఆధారాలు సిమెంటుకంటే గట్టిగా ఉన్నాయి. ఏడాదికొక్కసారి రక్తంలో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ మూడేళ్ళలో పూసల విరుపును 70 శాతం తగ్గిస్తుందని 2007లో హొరైజన్ అధ్యయనం చూపింది. ఇప్పటికే విరిగినవారిలో టెరిపారటైడ్ వాడితే రెండేళ్ళలో కొత్తగా విరిగింది 5.4 శాతానికి, రిసెడ్రోనేట్ మాత్రలు వాడితే 12 శాతానికి అని 2018లో వెరో అధ్యయనం తేల్చింది. ఆర్నెల్లకోసారి వేసే డెనోసుమాబ్ పనిచేస్తుంది గానీ మధ్యలో మానేస్తే పూసలు వరుసగా విరిగే ముప్పుంది. వాయిదా తప్పే అవకాశం ఉన్న రోగికి అది మొదటి ఎంపిక కారాదు. ఏ మందుకైనా ముందు కాల్షియం, విటమిన్ డి లోటు తీర్చాలి, పళ్ళు, కిడ్నీలు చూడాలి.

ముగింపు

తేలిన విషయాలు ఇవి. చిక్కటి సిమెంటు, నిలకడగా నడిచే తెర, తక్కువ మోతాదు, ఆపగల చెయ్యి, ఈ నాలుగూ కారడాన్ని తగ్గిస్తాయి. టీబీ లేదని తేల్చుకోవడం, ఊపిరితిత్తులను కొలవడం హానిని తగ్గిస్తాయి. ఎవరికి పెట్టకూడదో తెలుసుకోవడం రెండిటినీ తగ్గిస్తుంది. ఎముకకు మందు మొదలుపెట్టడం తర్వాతి ఆపరేషన్‌ను తప్పిస్తుంది. తొలివారాల్లో తీవ్రమైన నొప్పి ఉన్నవారికి మేలెంత, ఎన్ని మిల్లీలీటర్లు సరైనవి అన్నవి ఇంకా వాదనలో ఉన్నాయి.

సింగరేణి ప్రాంతానికి వీటిలో చాలావరకు కొత్త యంత్రం అక్కర్లేదు. 2022లో రామగుండంలో వైద్య కళాశాల మొదలైంది, సింగరేణి ఏరియా ఆస్పత్రి ముందునుంచీ ఉంది. గనిలో చేరేటప్పుడు వైద్యపరీక్ష, ఉద్యోగంలో ఉన్నంత కాలం నిర్ణీత వ్యవధిలో మళ్ళీ పరీక్ష గనుల నియమాల్లో ఉన్నాయి. ఎముక సాంద్రత వాటిలో భాగం కాదు. రిటైరైన రోజుతో ఆ పరీక్షలూ ఆగిపోతాయి. ఎముక విరిగే వయసు మొదలయ్యేది ఆ తర్వాతే. అయితే ఆ పాత పరీక్ష కాగితాల్లో ఒక విలువైన అంకె రాసి ఉంటుంది, చేరిననాటి మనిషి ఎత్తు. సీపీఆర్‌ఎంఎస్ కార్డు (రిటైరైనవాళ్ళ వైద్య పథకం కార్డు) పట్టుకుని మందులకు వచ్చిన పెద్దాయన్ను గోడకు నిలబెట్టి మళ్ళీ కొలిస్తే, 4 సెంటీమీటర్లు తగ్గాడంటే ఏదో పూస ఇప్పటికే నొక్కుకుపోయిందని అనుమానించాలి. వెంట వచ్చిన ఇల్లాలికి పాత కాగితం ఉండదు. ఆమెను వయసులో ఉన్నప్పటి ఎత్తు అడిగి, ఈ రోజు కొలిచి రాసుకోవాలి. తగ్గినవాళ్ళకు పక్కచూపు ఎక్స్‌రే ఒకటి, ఎముక మందు ఒకటి. సిమెంటు సమస్యలను తగ్గించడానికి ఈ ఊళ్ళో ఒకే పని చేయగలమంటే, అది ఈ టేపు కొలతే.